రెండు గంటల తర్వాత ఏమైందో చెప్పండి

తెలుగులో గేమ్ రివ్యూలు చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్తే. మాది హైదరాబాద్‌లో మూసాపేట. నాకు నలభై నిండబోతున్నాయి. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. రాత్రి పదిన్నరకి పాప పడుకున్నాక హాల్లో లైటు ఆపేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గంటో గంటన్నరో గేమ్ ఆడి పడుకునే బాపతు. నెలకు ఐదొందలు గేములకని పక్కన పెట్టుకుంటాను. స్కూలు బస్సు ఫీజు కట్టాల్సిన నెలలో ఆ ఐదొందలూ ఎగిరిపోతాయి. మొత్తం మీద ఏడాదికి ఆరో ఏడో గేములు కొంటాను. దాదాపు అన్నీ ఇండీ గేములే. ఒక్కడో, ముగ్గురో, పదిమందో కూర్చుని చేసుకున్నవి. వేల రూపాయల పెద్ద గేములు కొనడానికి డబ్బూ లేదు, వాటిని లాగే లాప్‌టాపూ లేదు.

కొనే ముందు మీ వీడియోలు చూస్తాను. మీ మాట విని కొంటాను. కాబట్టి నా గోడు కూడా మీకే చెప్పుకోవాలి.

పోయిన ఏప్రిల్‌లో ఒక చిన్న గేమ్ విడుదలైంది. పేరు ఎందుకులెండి. పడవ మీద దీవి దీవికీ తిరుగుతూ ఉత్తరాలు పంచాలి. నీటి మీద పడే సాయంత్రపు వెలుతురు, తెరచాప చప్పుడు, ఒడ్డున కూర్చుని ఉత్తరం కోసం ఎదురుచూసే ఒక ముసలమ్మ. మీలో ఒకరు పన్నెండు నిమిషాల వీడియో చేశారు. 'కళ్లు మూసుకుని కొనేయండి మామా' అన్నారు. 620 రూపాయలు. బడ్జెట్ దాటినా కొన్నాను.

మొదటి రాత్రి చాలా బాగుంది. రెండో రాత్రి రెండో దీవి కూడా అయిపోయింది. అప్పటికి రెండు గంటల ఇరవై నిమిషాలు ఆడాను. మూడో దీవికి వెళ్లాలంటే తుఫాను దాటాలి. పడవ తుఫానులోకి వెళ్లగానే లాప్‌టాప్ ఫ్యాను మిక్సీలా మోగింది, బొమ్మ ఆగింది, గేమ్ మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే రెండో దీవి మొదట్లో ఉన్నాను. ఇచ్చేసిన ఉత్తరాలన్నీ మళ్లీ నా సంచిలోనే ఉన్నాయి. ఇలా నాలుగుసార్లు. ఐదోసారి ఎలాగో తుఫాను దాటి మూడో దీవి ఒడ్డుకు చేరాను. అక్కడ ఇంకో ముసలమ్మ కూర్చుని ఉంది. మొదటి దీవిలో ముసలమ్మ ఏ మాట అందో ఈవిడా అక్షరం పొల్లుపోకుండా అదే అంది. చీర రంగు మాత్రం మార్చారు. చీర అంటే చీర కాదు, గౌను. అలవాటులో అన్నాను.

మరుసటి రోజు ఆఫీసులో లంచ్ టైంలో ఆ వీడియో మళ్లీ పెట్టి చూశాను. ఈసారి మాటలు వినలేదు, వెనకాల నడిచే గేమ్‌ప్లే మాత్రమే చూశాను. పన్నెండు నిమిషాల్లో మొదటి దీవి ఉంది, రెండో దీవి సగం ఉంది. తుఫాను ఎక్కడా లేదు. అంటే ఆ తమ్ముడు అక్కడిదాకా వెళ్లనే లేదు.

మీకు తెలిసిందే అయినా, చదివేవాళ్ల కోసం చెప్తాను. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల స్టోరులో గేమ్ కొంటే 14 రోజుల లోపల, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా ఉంటే, కారణం ఏదైనా సరే డబ్బు వెనక్కి ఇస్తారు. 2015 నుంచి ఉన్న రూలు. మంచి రూలే. నేను రెండు గంటలు దాటాను, డబ్బు పోయింది, స్టోరును తిట్టుకునే పని లేదు. కానీ ఆ రూలు ఒకటి ఉన్నాక కొనేవాడికి రివ్యూతో ఉన్న అవసరమే మారిపోయిందని మీలో చాలామంది గమనించినట్టు లేరు. మొదటి రెండు గంటలు నేనే చూసుకోగలను. నచ్చకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. బొమ్మ ఎలా ఉంది, మ్యూజిక్ ఎలా ఉంది, కంట్రోల్స్ చేతికి అలవాటవుతాయా అన్నవి నా కళ్లకూ చేతులకూ తెలుస్తాయి. నాకు కనపడనిది ఆ తర్వాతి ముక్క. నేను మీ దగ్గరికి వచ్చేది దానికోసం. మీరేమో నేను ఎలాగూ చూడబోయే ముక్కనే నాకు పన్నెండు నిమిషాలు చూపిస్తున్నారు.

గేమ్ చేసేవాళ్లకూ ఈ రూలు తెలుసు. అందరూ కావాలని చేస్తారని అనను కానీ, ఉన్న కొద్దిపాటి డబ్బూ ఓపికా మొదటి రెండు గంటల మీదే ఖర్చవడం సహజం. డెమోలో వచ్చేది ఆ ముక్కే, ట్రైలర్‌లో వచ్చేదీ ఆ ముక్కే. పెళ్లిచూపుల్లో స్వీటూ హాటూ పెట్టేటప్పుడు అబ్బాయి మంచివాడే, అమ్మాయి మంచిదే, మధ్యలో కూర్చున్న పెద్దమనుషులు కూడా మంచివాళ్లే. అసలు సంగతి ఆ తర్వాత కదా.

మా మొదటి రోజుల్లో ఈ తలనొప్పి ఉండేది కాదు. కోఠిలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ చుట్టుపక్కలో 50 రూపాయలకు కాపీ కొట్టిన సీడీ దొరికేది. ఎక్కితే ఎక్కింది, లేకపోతే సీడీని ఆటో వెనకాల రిఫ్లెక్టర్‌గా కట్టేవాళ్లం. దొంగ సీడీలతో ఆట మొదలుపెట్టినవాణ్ని, నీతులు చెప్పే అర్హత నాకు లేదు. 2015 నవంబర్‌లో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టాక నాలాంటివాళ్లం మెల్లగా కొనడం నేర్చుకున్నాం. కొనడం నేర్చుకున్నాక ఎంచుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. అది మహా కష్టం. 2017 జూన్ నుంచి వంద డాలర్లు కట్టి, కాగితాలు ఇస్తే ఎవరైనా స్టీమ్‌లో గేమ్ పెట్టచ్చు. ఒక్క 2024లోనే 18 వేలకు పైగా గేములు వచ్చాయి. రోజుకు యాభై. ఇందులో ఏది రెండొందలు పెట్టదగ్గది, ఏది ఎనిమిదొందలు పెట్టదగ్గది అని వెతకడానికి నాకు రాత్రి పదిన్నర తర్వాత గంటన్నర ఉంటుంది. మీరు లేకపోతే కుదరదు. ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను.

రెండు గంటల గీత ఒక్కో గేమ్‌లో ఒక్కోచోట పడుతుంది. రివ్యూ చేసేవాళ్లు పట్టుకోవాల్సింది ఆ చోటు అని నా నమ్మకం.

స్టార్‌డ్యూ వ్యాలీ సంగతే తీసుకోండి. పల్లెటూళ్లో పొలం చేసుకునే గేమ్. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగున్నరేళ్లు కూర్చుని చేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేశాడు. 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. అందులో ఒక రోజు అంటే మన గడియారంలో పద్నాలుగు నిమిషాల పైచిలుకు. ఒక రుతువుకు 28 రోజులు. లెక్కేసుకోండి, రెండు గంటలు ఆడితే మొదటి వసంతంలో ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో అవుతుంది. అప్పటికి మనం ముల్లంగి లాంటి దుంప ఒక విడత పండించి ఉంటాం. నాలుగు మొక్కలకు నీళ్లు పోసేసరికి మనిషి అలిసిపోతుంటాడు, చేప గాలానికి పడదు, గని లోపల ఏముందో ఇంకా సరిగా చూడలేదు. ఊళ్లో మొదటి పండగ 13వ తారీఖున. అంటే ఊరు ఒకచోట చేరి మనకు పరిచయమయ్యే రోజుకు ముందే రీఫండ్ గడువు ముగుస్తుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు 'ఇదేం గేమ్, మా తాతగారి పొలంలో చాకిరీ చాలలేదా' అనుకున్నాను. ఆ గేమ్ గురించి నాకు అప్పుడు పనికొచ్చే రివ్యూ ఒక్క వాక్యం: మొదటి వేసవి వచ్చేదాకా ఓపిక పట్టు, అప్పటికీ నచ్చకపోతే ఇక నచ్చదు. ఆ వాక్యం చెప్పాలంటే చెప్పేవాడు వేసవి దాకా ఆడి ఉండాలి.

బలాట్రోది ఇంకో రకం. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. అసలు పేరు బయటపెట్టని కెనడా మనిషి దాదాపు ఒక్కడే చేశాడు. పోకర్‌లోలా పేక ముక్కలు జత కలుపుతూ పాయింట్లు కొట్టాలి, జోకర్ ముక్కలు కొనుక్కుంటూ ఆ పాయింట్లను పెంచుకోవాలి. నేను ఆడుతుంటే మా ఆవిడ నీళ్లకని లేచి, స్క్రీన్ మీద ముక్కలు చూసి 'ఏందిది, పేకాటనా?' అంది. ఆన్‌లైన్ రమ్మీని 2017లోనే నిషేధించిన రాష్ట్రంలో కాపురం చేస్తున్న మనిషి, అడగడంలో తప్పులేదు. ఇందులో డబ్బు పందెం లేదని చెప్పడానికి పావుగంట పట్టింది. యూరప్‌లో రేటింగ్ ఇచ్చేవాళ్లు కూడా 2024లో దానికి 18 ఏళ్ల రేటింగ్ ఇచ్చి, అప్పీలు చేశాక 2025లో 12కు తగ్గించారు, మా ఆవిడ ఒక్కతే పొరబడలేదు. సరే, విషయానికొస్తే, బలాట్రోలో రెండు గంటలకు మనకు రూల్స్ అర్థమవుతాయి, ఒకట్రెండు సార్లు ఓడిపోతాం. 150 జోకర్లలో ఓ ఇరవై చూసి ఉంటాం. ఒక జోకర్ ఇంకో జోకర్‌తో కలిసినప్పుడు స్కోరు ఒక్కసారిగా ఎగిరే ఆ మొదటి క్షణం ఇంకా రాకపోవచ్చు. అక్కడ నాకు రివ్యూయర్ చెప్పాల్సింది వేరే ముక్క: ఇది పదో గంటలో ఎక్కువ పట్టుకుంటుంది, రేపు పొద్దున ఆఫీసుంటే పదకొండు దాటాక మొదలుపెట్టకు. నాకు ఎవరూ చెప్పలేదు. మార్చి నెలాఖరు, అకౌంట్స్ క్లోజింగు, రాత్రి రెండింటికి నేను జోకర్లు కొంటున్నాను.

ఇక పూర్తిగా తిరగబడే గేములున్నాయి. వెన్బా 2023 జులైలో వచ్చింది. ఎనభైల్లో కెనడాకు వలసవెళ్లిన తమిళ కుటుంబం కథ. చిరిగిపోయిన వంటల పుస్తకంలో మాయమైన ముక్కలు ఊహించుకుంటూ వండాలి. ఇడ్లీతో మొదలవుతుంది. 2024లో కొత్తవాళ్ల తొలి గేముకిచ్చే బ్రిటన్ బాఫ్టా అవార్డు దానికే వచ్చింది. గట్టిగా ఆడితే గంటన్నరలో అయిపోతుంది. అంటే మొత్తం గేమ్ రెండు గంటల గీతకు ఇవతలే ఉంది. ఇలాంటివాటి మీద మీ వీడియోల కింద ఒకటే గోల: 'గంటన్నరకు అంత డబ్బా? ఆడేసి రీఫండ్ కొట్టేయండి బ్రో.' మీలో కొందరు ఆ కామెంటుకు లైకు కూడా కొడుతున్నారు. 2021లో ఎమికా గేమ్స్ అనే పేరుతో గేములు చేసే మనిషి, తన రెండు గంటల లోపు హారర్ గేముని చాలామంది పూర్తిగా ఆడి, బాగుందని రివ్యూ కూడా రాసి, డబ్బు వెనక్కి తీసుకున్నారని చెప్పి, గేములు చేయడమే కొంతకాలం ఆపేస్తున్నానని ప్రకటించాడు. భోజనం చేసి, 'వంట బాగుందమ్మా' అని, బిల్లు కట్టకుండా చేయి కడుక్కుని వెళ్లిపోవడం ఇది. నేనూ దొంగ సీడీలవాణ్నే, అయినా ఇది చూస్తే నాకు సిగ్గేసింది.

గంటలతో రూపాయల్ని భాగించే ఈ లెక్క ఎవరు మొదలుపెట్టారో గానీ, తెలుగు రివ్యూల్లో అది బాగా పాతుకుపోయింది. 'నలభై గంటల కంటెంట్, గంటకు పది రూపాయలు కూడా పడదు' అంటారు. ఆ నలభై గంటల్లో ముప్పై గంటలు పెట్టెలు మోయడమైతే? నేను అకౌంటెంట్‌ని, భాగాహారం నాకూ వచ్చు. కానీ నా దగ్గర తక్కువగా ఉన్నవి గంటలు, రూపాయలు ఆ తర్వాతే. ఎనిమిది గంటల్లో అయిపోయి గుర్తుండిపోయే గేమ్ నాకు చవక. ఇంకోమాట, గేమ్ ధరను బిర్యానీతో పోల్చడం కూడా మానండి. 'రెండు బిర్యానీల ఖర్చు' అనగానే నాకు గేమ్ పోయి బిర్యానీ మీదికి మనసు పోతుంది. పోల్చాలంటే సినిమా టికెట్టుతో పోల్చండి, కాస్త దగ్గరగా ఉంటుంది. 2021 డిసెంబర్ జీవో ప్రకారం మన దగ్గర మల్టీప్లెక్స్ టికెట్ మామూలుగా 250 దాటకూడదు, జీఎస్టీ కలిపితే 295. పెద్ద హీరో సినిమా మొదటి వారం రేట్లు వేరే పురాణం. రెండున్నర గంటల సినిమాకు ఇద్దరం వెళ్తే ఆరొందలు ఇచ్చి, మనసుకు నచ్చితే సంతోషంగా ఇంటికొస్తాం. బయటికొచ్చి ఎవరూ నిమిషానికెంత పడిందని లెక్కేయరు.

ధర గురించే ఇంకొకటి. డాలర్లలో చెప్పకండి, దయచేసి. 'జస్ట్ ట్వంటీ డాలర్స్' అంటే నాకేం అర్థం కాదు. ఇండియాలో ధర ఎంత పెట్టాలన్నది గేమ్ చేసినవాళ్ల ఇష్టం. కొందరు ఇక్కడి జేబులు చూసి తగ్గిస్తారు, కొందరు డాలరును అలాగే రూపాయల్లోకి మార్చి పెడతారు. రెండు గేములూ అక్కడ ఒకటే ధర, ఇక్కడ ఒకటి ఇంకోదానికి రెట్టింపు. ఈ తేడాతోనే నేను కొనాలా ఆగాలా అన్నది తేలుతుంది. 'బాగుంది, కానీ ఇప్పుడు కాదు, వేసవి సేల్ దాకా విష్‌లిస్ట్‌లో పెట్టుకోండి' అని మీ నోటి వెంట ఎందుకో రాదు. మీకు ప్రతి గేమూ అయితే 'మస్ట్ బై', లేకపోతే 'చెత్త'.

ఉచితంగా వచ్చే కీల గురించి కూడా మాట్లాడుకోవాలి. గేమ్ విడుదలకు ముందే రివ్యూ కోసం మీకు కీ, అంటే గేమ్‌ను ఊరికే దించుకునే కోడ్, పంపుతారు. అందులో తప్పేమీ లేదు. అంత చిన్న చిన్న ఛానెళ్లు నడుపుతూ ప్రతిదీ కొనుక్కోమంటే ఎలా కొంటారు? చెప్పకపోవడమే తప్పు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో డబ్బు తీసుకున్నా, వస్తువు ఊరికే తీసుకున్నా చూసేవాళ్లకు స్పష్టంగా, సులభంగా కనపడేట్టు చెప్పాలని ఉంది. స్టీమ్‌లో మామూలు జనం రాసే రివ్యూల్లో సైతం 'ఉచితంగా వచ్చింది' అని టిక్కు పెట్టే వీలుంది. పక్కనే ఆ మనిషి ఎన్ని గంటలు ఆడి ఆ రివ్యూ రాశాడో కూడా కనపడుతుంది. ఈ రెండోదే నాకు అన్నిటికన్నా ఎక్కువ పనికొస్తుంది. 140 గంటలు ఆడి 'అస్సలు బాగాలేదు' అని రాసినవాణ్ని నేను శ్రద్ధగా చదువుతాను. అన్ని గంటలు ఎందుకు ఆడావురా అని నవ్వుకుంటూనే చదువుతాను. నలభై నిమిషాలు ఆడి 'మాస్టర్‌పీస్' అన్నవాణ్ని దాటేస్తాను. ఊరూ పేరూ లేని మనిషి రాసిన రెండు లైన్లకు ఉన్న ఈ గంటల లెక్క, లక్షమంది చూసే మీ వీడియోకు ఎందుకు లేదు? మొదటి ముప్పై సెకన్లలో 'నేను ఇన్ని గంటలు ఆడాను, ఇక్కడిదాకా వెళ్లాను, పూర్తి చేశాను లేదా చేయలేదు' అనండి. పూర్తి చేయలేదన్నా మీ విలువ తగ్గదు. నా దృష్టిలో పెరుగుతుంది.

మీ ఇబ్బంది నాకు తెలియదని కాదు. వ్యూస్ అన్నీ మొదటి రోజే వస్తాయి, నాలుగు రోజులు ఆలస్యమైతే ఎవడూ చూడడు. హాలో నైట్: సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబర్ 4న మన టైం ప్రకారం రాత్రి ఏడున్నరకు విడుదలైంది. ఆరేళ్లు ఎదురుచూసిన జనం ఒకేసారి మీద పడితే స్టోర్లే ఆగిపోయాయి. దాన్ని చేసిన టీమ్ చెర్రీ ఎవరికీ ముందుగా రివ్యూ కాపీలు ఇవ్వలేదు. మామూలు జనం ఎప్పుడు మొదలుపెట్టారో రివ్యూయర్లూ అప్పుడే మొదలుపెట్టారు. అయినా తెల్లారేసరికి తీర్పులు వచ్చేశాయి. ఆ తర్వాత కొద్ది రోజులకు, మొదట్లో వచ్చే కొన్ని పోరాటాలు మరీ కష్టంగా ఉన్నాయని వాళ్లే ప్యాచ్‌తో కాస్త తగ్గించారు. మొదటి రాత్రి తీర్పు ఇచ్చినవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చి 'ఇప్పుడు ఇలా ఉంది' అన్నారు? మొదటి రోజు 'మొదటి చూపు' అని పేరు పెట్టి ఒక వీడియో, పది రోజుల తర్వాత 'పూర్తయ్యాక' అని ఇంకో వీడియో చేయచ్చు కదా. రెండోదానికి వ్యూస్ తక్కువ వస్తాయి, నిజమే. కానీ యూపీఐ పిన్ కొట్టేముందు మనిషి చూసేది ఆ రెండోదే.

మెషీన్ గురించి రెండు ముక్కలు. నా లాప్‌టాప్ లాక్‌డౌన్‌లో కొన్నది. ఎనిమిది జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో ఉన్నది ఇలాంటిదే. మీ వెనకాల రంగురంగుల లైట్లు మెరుస్తుంటాయి, 'స్మూత్‌గా నడుస్తోంది' అంటారు. మీకు నడుస్తుంది నాయనా. ఇండీ గేమ్ అంటే బొమ్మ చిన్నగా ఉంది కాబట్టి దేనిమీదైనా నడుస్తుందనుకుంటారు. అది తప్పు. చిన్న టీములకు గేమ్‌ను పాత మెషీన్ల కోసం చెక్కే టైమే దొరకదు. ఏప్రిల్‌లో నలభై డిగ్రీల ఎండ పడిన స్లాబు కింద రాత్రి పదకొండింటికి కూడా గది చల్లబడదు, వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. ఆ తుఫానులో నా పడవ మునిగింది అందుకే అని నా అనుమానం. మీ ఇంట్లో చెల్లెలిదో నాన్నదో పాత లాప్‌టాప్ ఒకటి ఉండే ఉంటుంది. అందులో పావుగంట నడిపి చూపించండి చాలు.

మనవాళ్ల గేముల దగ్గరికి వచ్చేసరికి మీ తూకం పూర్తిగా గాడి తప్పుతుంది. ఇది చెప్పకుండా ఉత్తరం ముగించలేను. ఓగర్ హెడ్ అనే స్టూడియో ఇక్కడే, హైదరాబాద్‌లో కూర్చుని 2017లో అసుర అనే గేమ్ చేసింది. నాతో ఆడేవాళ్లలో పదిమందిని అడిగితే ఎనిమిది మందికి దాని పేరే తెలియదు. పుణెలో నాడింగ్ హెడ్స్ 2020లో రాజీ తెచ్చింది. రాజస్థాన్ కోటల్ని గుర్తుచేసే కట్టడాలు, మధ్యమధ్య తోలుబొమ్మలాట తీరులో కథ, కథ చెప్పేవాళ్లు దుర్గ, విష్ణువు. అలాంటి బొమ్మ చూసి నా ఛాతీ పొంగింది. అయితే పోరాటాలు సగం నుంచి ఒకేలా అనిపించాయి, ముగింపు తొందరపడి తెంపేసినట్టు ఉంది. ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పిన తెలుగు వీడియో నాకు కనపడలేదు. ఒకడు 'ఇండియా గర్వపడాలి, అందరూ కొనాలి' అంటాడు. ఇంకొకడు 'మనోళ్లకు రాదు' అంటాడు. దేశంలోని గేమ్ డెవలపర్ల సదస్సు 2024లో కూడా మన ఊరి హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌లోనే జరిగింది, ఊళ్లో ఇంతమంది గేములు చేస్తున్నారు. వాళ్లకు మీ జాలి అక్కర్లేదు, మీ వెక్కిరింతా అక్కర్లేదు. వాళ్ల గేమ్ ఐదో గంటలో ఎక్కడ జారిందో చెప్తే తర్వాతి గేముకు పనికొస్తుంది. నేను కొనేది కూడా గర్వపడటానికి కాదు. ఆడుకోవడానికి.

ఎర్లీ యాక్సెస్, అంటే పూర్తికాకముందే అమ్మకానికి పెట్టే గేముల గురించి ఒక్క మాటే. సగం కట్టిన ఇంట్లో ఈరోజు ఎన్ని గదులు ఉన్నాయో వాటి గురించే చెప్పండి. బిల్డర్ చూపించే బ్రోచర్ చదవద్దు. మియాపూర్‌లో ఫ్లాట్ బుక్ చేసి నాలుగేళ్లు తిరిగినవాణ్ని, ఆ బాధ నాకు తెలుసు.

మా అక్క కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ సెకండియర్. దసరాకి వచ్చినప్పుడు వాళ్ల నానమ్మ ఇచ్చిన ఐదొందల నోటు చూపించి 'మామా, దీంతోని ఏ గేమ్ కొనాలె?' అని అడిగాడు. నేను రెండు పేర్లు చెప్పాను. వాడు వినలేదు, మూడోది ఏదో కొనుక్కున్నాడు. ఎవరూ రివ్యూ చేయని గేమ్. వారం తర్వాత వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. నలభై సెకన్లు ఉంది, విన్నది విన్నట్టు రాస్తున్నాను:

'మామా, పదకొండు గంటలు ఆడిన, అయిపోయింది. మొదటి గంట బోర్ కొడ్తది, ఆగం కాకు. మూడో గంటల ఒక గుహ వస్తది, ఆడికెల్లి మస్తుంటది. తొమ్మిదో గంటల ఒక్క దగ్గర క్రాష్ అయింది, సేవ్ పోలే. నీ లాప్‌టాప్ల నడుస్తది, నాది గూడ గట్లాంటిదే. నాలుగొందలు పెట్టచ్చు, గానీ నువ్వు ఆగు, నా అకౌంట్లకెల్లి ఆడనిస్తా.'

నేను ఆ గేమ్ కొన్నాను, వాడి అకౌంట్ వాడుకోలేదు. గుహ దాకా వచ్చాను.

సిల్క్‌సాంగ్ ఇంకా నా విష్‌లిస్ట్‌లోనే ఉంది. మీలో ఎవరైనా చివరిదాకా ఆడి ఉంటే, రోజుకు గంట మాత్రమే ఆడే నలభై ఏళ్ల మనిషి చేతులకు అది లొంగుతుందో లేదో చెప్పండి. ఈ నెల బస్సు ఫీజు కట్టేశాను. వచ్చే నెల ఐదొందలు ఖాళీగానే ఉన్నాయి.

ఇట్లు,
మూసాపేట నుంచి మీ వీడియోలన్నీ చూసే ఒక అన్నయ్య